ట్యారంటులా సాలీడు: భంగిమలు, వాని అర్థములు



జంతువులకు మాటలు లేవు. అయినను కుక్క తోక ఊపినపుడు, పిల్లి వీపును విల్లువలె వంచినపుడు, ఆవు చెవులు వెనుకకు వాల్చినపుడు వాని మనసులో ఏమి కలదో మనము గ్రహింపగలము. అవి వేల సంవత్సరములుగా మన ముంగిట పెరిగినవి. పెబ్బేరు సంతకు వచ్చిన రైతు ఎద్దు నడకను, నిలుచు తీరును చూచినంతనే దాని బలమును, దాని రోగమును చెప్పగలడు. కాని ఎనిమిది కాళ్ల సాలీడు మన యెదుట ఒక భంగిమలో నిలిచినపుడు దానిని చదువగల విద్య మనకు అలవడలేదు. తెలియని దానిని చూచి భయపడుదుము. భయపడిన వెంటనే చెప్పునో, ఇటుకనో చేత పట్టుదుము.

తెలుగున సాలీడు, సాలెపురుగు అనియు, ఉర్దూలో మకడీ అనియు మనము పిలుచు ఈ ప్రాణి మన రెండు భాషల వారికిని చిరపరిచితమే. అయితే ఇంటి మూలలలో గూడు కట్టు చిన్న సాలీడు వేరు. రాతి సందులలో, నేల బొరియలలో, చెట్టు తొర్రలలో నివసించు అరచేయంత రోమశమైన ట్యారంటులా వేరు. అనేక దేశములలో ఈ పెద్ద సాలీళ్లను గాజు పెట్టెలలో పెంచుచున్నారు. అట్లు పెంచినవారు ఏండ్ల తరబడి చూచి తెలిసికొనిన విషయములును, శాస్త్రజ్ఞులు పరిశోధించి తేల్చిన విషయములును కలిపి, ఈ ప్రాణి వింత భంగిమల అర్థమును వివరించుట ఈ వ్యాసము ఉద్దేశము.

ఒక తప్పిదము

ముందుగా నా తప్పును నేను చెప్పుకొనవలెను. నేను డిగ్రీ చదువుచున్న రోజులలో, మృగశిర కార్తె వానలు పడిన మరునాడు, ఊరి పాతబావి ఒడ్డున రాళ్ల సందున ఒక పెద్ద సాలీడు మాకు దొరికెను. దానిని వెడల్పాటి గాజు సీసాలో ఉంచి, కళాశాల ప్రయోగశాలకు తెచ్చితిమి. ప్రతిదినము మిడతలను, బొద్దింకలను వేసెడివారము. నాలుగైదు వారములు చక్కగా తినెను. పిదప మేత ముట్టుట మానెను. ఒకనాటి ఉదయము తలుపు తెరచి చూచునప్పటికి అది వెల్లకిల పడియుండెను. ఎనిమిది కాళ్లును ఆకాశము వైపు ఉండెను. కదలిక లేదు.

“చచ్చిపోయింది సార్, నిన్ననే చూసిన, సుస్తుగ ఉండె” అని అటెండరు అనెను. మాకును సందేహము కలుగలేదు. నమూనాగా భద్రపరచవచ్చునని నా చేతులతోనే దానిని ఫార్మలిన్ సీసాలో వేసితిని. కొన్ని క్షణములకు ముందరి కాలు ఒకటి మెల్లగా చాచుకొని, మరల ముడుచుకొనెను. అప్పుడు దగ్గరగా చూచితిమి. వీపు మీది కవచము డబ్బా మూతవలె ఒక ప్రక్క లేచి యున్నది. దాని క్రింద తెల్లని, మెత్తని క్రొత్త శరీరము కనిపించెను. అది చావలేదు. కుబుసము విడుచుచుండెను. ఇంకను కొన్ని గంటలు ఊరకుండిన యెడల అది క్రొత్త చర్మముతో లేచి నిలిచియుండెడిది. వెల్లకిల పడినది చచ్చినదే అను మా తొందరపాటు ఒక ప్రాణిని బలిగొన్నది.

ఆ సీసాను నేను మరువలేదు. ఆ తప్పు మీరు చేయకుండవలెనను కోరికతోనే ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

పేరు వెనుక కథ

ట్యారంటులా అను పేరు ఇటలీ దేశమందలి టారాంటో పట్టణము నుండి వచ్చినది. ఆ ప్రాంతమున ఒక సాలీడు కరచినచో రోగి వెర్రిగా నృత్యము చేయుననియు, ఆ నృత్యము చేతనే విషము దిగిపోవుననియు పూర్వము ప్రజలు విశ్వసించిరి. టారంటెల్లా అను నృత్యమునకు ఆ పేరు వచ్చినదియు ఆ పట్టణము నుండియే. విచిత్రమేమనగా, అక్కడి వారు నిందించిన సాలీడు అసలు ఈ కుటుంబమునకు చెందినదే కాదు. అది తోడేలు సాలీడు అను వేరొక జాతి. తరువాతి కాలమున ఐరోపా వారు ఇతర ఖండములలో పెద్ద రోమశ సాలీళ్లను చూచి, వానికి ఈ పేరును తగిలించిరి. నేడు శాస్త్రజ్ఞులు థెరఫోసిడే అను కుటుంబములో వీనిని చేర్చుదురు. ఇందులో వెయ్యికి పైగా జాతులు కలవు. ఆ విధముగా ఈ ప్రాణికి పేరు పెట్టుటలోనే మానవుని భయము, పొరపాటు రెండును చేరియున్నవి.

మన దారిలోని నీలి సాలీడు

ఈ విషయము ఎక్కడో అమెరికా అడవులది, మనకేమి సంబంధమని మీరు అనుకొనవచ్చును. పెబ్బేరు మీదుగా పోవు 44వ జాతీయ రహదారి మీద బీచుపల్లి వద్ద కృష్ణను దాటి, కర్నూలు, డోన్ మీదుగా దక్షిణమునకు పోయినచో గుత్తి పట్టణము వచ్చును. ప్రపంచమునందలి సాలీడు ప్రియులందరికి ఆ గుత్తి పేరు తెలియును. 1899లో రెజినాల్డ్ పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, గుత్తి రైల్వే కలప నిలువలలో దొరికిన ఒకే ఒక ఆడ సాలీడును ఆధారముగా చేసికొని, పీసిలోథీరియా మెటాలికా అను క్రొత్త జాతిని వర్ణించెను. లోహము వంటి మెరుపు గల నీలిరంగు దాని ప్రత్యేకత. ఆ నీలము వర్ణద్రవ్యము వలన కలిగినది కాదు. రోమముల మీది అతి సూక్ష్మమైన నిర్మాణము వెలుగును పరావర్తనము చేయుట చేత కలిగినది.

ఆ పిమ్మట నూరు సంవత్సరములు ఆ సాలీడు అడవిలో ఎక్కడ నివసించుచున్నదో శాస్త్రలోకమునకు తెలియలేదు. 2001లో గుత్తికి సుమారు నూరు కిలోమీటర్ల దూరమున, నంద్యాల, గిద్దలూరుల నడుమ గల అడవిలో అది మరల కనబడెను. కలపతో పాటు రైలులో గుత్తికి చేరి యుండునని పండితుల ఊహ. ఎత్తైన చెట్ల తొర్రలలో అది నివసించును. దాని నివాసము నూరు చదరపు కిలోమీటర్ల కంటె తక్కువ అడవికే పరిమితమని గుర్తించి, 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దానిని తీవ్రముగా అంతరించు ప్రమాదము గల జాతిగా ప్రకటించెను. చెట్లు నరుకుట, వంటచెరకు కొట్టుట ఒక కారణము. విదేశములలో పెంపకమునకై పట్టుకొనిపోవుట మరియొక కారణము. 2019లో ఈ ప్రజాతిని అంతర్జాతీయ వ్యాపారమును అదుపు చేయు సైటిస్ ఒప్పందము రెండవ అనుబంధములో చేర్చిరి. 1972 నాటి మన వన్యప్రాణి సంరక్షణ చట్టమును 2022లో సవరించి, సైటిస్ పట్టికలలోని జీవులకు సంబంధించిన నిబంధనలను అందు చేర్చిరి. కావున అడవి నుండి ఇట్టి ప్రాణిని తెచ్చి పెంచవలెనను ఆలోచనయే తగదని మొదటనే మనవి చేయుచున్నాను. మనము నేర్వవలసినది పట్టుకొనుట కాదు, చూచుట.

శరీరమే ఒక జలయంత్రము

భంగిమలను అర్థము చేసికొనుటకు ముందు శరీర నిర్మాణము తెలియవలెను. సాలీడు శరీరము రెండు భాగములు. ముందుది శిరోవక్షము, వెనుకది ఉదరము. శిరోవక్షమునకు నాలుగు జతల కాళ్లు, వానికి ముందు పెడిపాల్పులు అను ఒక జత చిన్న స్పర్శాంగములు, వాని నడుమ రెండు బలమైన కోరలు ఉండును. కన్నులు ఎనిమిది యున్నను చూపు మందము. దేహమంతట గల రోమములే దానికి చెవులు, ముక్కు, చేతులు. నేల కంపించినను, గాలి కదలినను ఆ రోమముల ద్వారా తెలిసికొనును. ఉదరము క్రిందివైపున రెండు జతల పుస్తకాకార ఊపిరితిత్తులు, చివరన దారము తీయు అవయవములు ఉండును.

ఇక ముఖ్యమైన విషయము. మన మోచేతిని ముడుచుటకు ఒక కండరము, చాచుటకు మరొక కండరము కలదు. సాలీడు కాలిలోని రెండు ప్రధానమైన కీళ్లలో ముడుచు కండరములు మాత్రమే ఉన్నవి. చాచు కండరములు లేవు. మరి కాలు ఎట్లు చాచుకొనును? హీమోలింఫ్ అను దాని రక్తద్రవము ఒత్తిడి వలన. శిరోవక్షములోని కండరములు బిగిసినపుడు ఆ ద్రవము కాళ్లలోనికి తోయబడును, కాళ్లు చాచుకొనును. నీటి మోటారు ఆడించినంతనే పొలములో మెత్తగా పడియున్న పైపు ఎట్లు బిగిసి నిలుచునో, ఇదియు అట్లే. పారీ, బ్రౌన్ అను శాస్త్రజ్ఞులు 1959లో ఈ ఒత్తిడిని కొలిచి వివరించిరి. 2022లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చనిపోయిన తోడేలు సాలీడు శరీరములోనికి సూదితో గాలి ఎక్కించి, దాని కాళ్లను తెరపించి, మూయించి, చిన్న వస్తువులను పట్టి ఎత్తు చిమటావలె ఉపయోగించిరి. ప్రాణము పోయినను ఆ యంత్రము పనిచేసినదన్నమాట.

ఈ ఒక్క సూత్రమును గుర్తుంచుకొనుడు: కాళ్లు చాచుటకు ఒత్తిడి కావలెను, ఒత్తిడి పోయినచో కాళ్లు ముడుచుకొనును. భంగిమలలో సగము ఈ సూత్రముతోనే అర్థమగును.

వెల్లకిల భంగిమ: పునర్జన్మ

సాలీడు పైచర్మము గట్టి కవచము. లోపలి దేహము పెరిగినను అది పెరుగదు. కావున అప్పుడప్పుడు పాత కవచమును విడిచి, క్రొత్తదానిని ధరించవలెను. దీనినే నిర్మోచనము లేక కుబుసవిసర్జనము అందురు. పిల్ల సాలీడు ఏడాదిలో అనేక పర్యాయములు, పెద్దది ఏడాదికి ఒకసారియో, అంతకంటె అరుదుగానో కుబుసము విడుచును.

దీనికి ముందు కొన్ని గుర్తులు కనిపించును. వారములు, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి మేత ముట్టదు. చురుకుదనము తగ్గును. దేహము రంగు మాసిపోవును. బొరియ ద్వారమును దారముతో మూసికొనును. చివరకు నేల మీద దారముతో చాప వంటి పరుపు నేసి, దాని మీద వెల్లకిల పడుకొనును. నేను ఫార్మలిన్‌లో వేసిన సాలీడు ఈ గుర్తులన్నిటిని మాకు చూపించినది. మేత మానినది, మందగించినది, పరుపు నేసినది. మాకు చదువ రాలేదు, అంతే.

పిమ్మట వీపు కవచము అంచుల వెంబడి పగిలి మూతవలె లేచును. ఉదరము ప్రక్కల చర్మము చీలును. అప్పుడు సాలీడు తన కాళ్లను, కోరలను, పాత తొడుగుల నుండి మెల్లమెల్లగా వెలికి లాగుకొనును. చేతితొడుగు నుండి వ్రేళ్లను తీయుట వంటిది ఈ పని. చిన్నదానికి కొద్దిసేపు పట్టును, పెద్దదానికి అనేక గంటలు పట్టవచ్చును. బయటి చర్మమే కాదు, ఊపిరితిత్తుల పొరయు, పీల్చు జఠరము లోపలి పొరయు కూడ ఆ కుబుసముతోనే వెలుపలికి వచ్చును. ఈ సమయమున అది పూర్తిగా నిస్సహాయమైనది. ముట్టుకొనినను, తిరగవేసినను, నీరు చిలుకరించినను కాలు విరిగి పోవచ్చును, ప్రాణము పోవచ్చును. పెట్టెలో మిగిలిన ఒక చిన్న కీచురాయి కూడ ఆ మెత్తని శరీరమును కొరికి చంపగలదు.

కుబుసము విడిచిన తరువాత కోరలు తెల్లగా ఉండును. దినములు గడచిన కొలది ఎర్రబారి, చివరకు నల్లబడును. నల్లబడువరకు మేత వేయరాదు. ఈ దినములలో అది కాళ్లను బారుగా చాచుకొని, ఒక్కొక్క కీలును సాగదీయుచుండును. చూచువారికి జబ్బుపడినట్లు తోచును గాని, అది క్రొత్త కవచమును సరిచేసికొను వ్యాయామము మాత్రమే.

కాళ్లు ముడుచుకొనిన భంగిమ: అసలైన అపాయము

ఇప్పుడు దీనికి విరుద్ధమైన భంగిమను చూడుడు. సాలీడు వెల్లకిల లేదు. కడుపు నేలకు ఆనించియే కూర్చున్నది. కాని ఎనిమిది కాళ్లును పిడికిలివలె దేహము క్రిందికి ముడుచుకొని యున్నవి. సామాన్యులు దీనిని చూచి, విశ్రమించుచున్నదని అనుకొందురు. నిజమునకు ఇదియే మరణ భంగిమ. ద్రవపు ఒత్తిడి పడిపోయినది, కాళ్లను చాచు శక్తి లేదు, ముడుచు కండరములే మిగిలినవి. పైన చెప్పిన సూత్రము ఇచట స్పష్టముగా కనిపించును.

వెల్లకిల పడినది పునర్జన్మ పొందుచుండును. సరిగా కూర్చున్నట్లు కనబడునది మరణించుచుండును. మనిషి భంగిమలతో పోల్చి చూచినచో రెండును తారుమారగును. మనుష్యుని కొలతతో ఇతర ప్రాణులను కొలువరాదనుటకు దీనికంటె మంచి పాఠము లేదు.

ఒత్తిడి పడిపోవుటకు సామాన్య కారణము నీటి కొరత. దేహములో నీరు ఎండిపోయినచో ద్రవము తగ్గును, కాళ్లు సగము ముడుచుకొనును, నడక తూలును. ఉదరము ముడతలు పడి చిన్నదగును. ఈ స్థితిలో నిస్సారమైన నీటి పళ్లెరమును నోటికి అందునట్లు ఉంచినచో కొన్ని గంటలలో కోలుకొనవచ్చును. దెబ్బ తగిలి ద్రవము కారిపోయినను ఇట్లే జరుగును. ఉదరము చర్మము పలుచన. నడుము ఎత్తు నుండి పడినను పగిలిపోవచ్చును. కావుననే ఈ ప్రాణులను చేతులలో ఆడించుట మంచిది కాదు.

ముందరి కాళ్లు ఎత్తిన భంగిమ: హెచ్చరిక

ముందరి రెండు జతల కాళ్లను పైకెత్తి, దేహమును వెనుకకు వంచి, కోరలను విప్పి నిలుచుట అందరు ఎరిగిన భంగిమ. దీనిని చూచి అది మీదికి దూకబోవుచున్నదని జనులు భయపడుదురు. దీని వెనుక ఒక యంత్ర రహస్యము కలదు. ఇంటి సాలీళ్ల కోరలు పట్టకారువలె ప్రక్కల నుండి కలియును. ట్యారంటులా కోరలు రెండును సమాంతరముగా, గడ్డపారవలె పై నుండి క్రిందికి దిగును. కావున కరువవలెనన్నచో ముందు దేహమును పైకెత్తవలసినదే. పైకెత్తి నిలిచినదనగా, “ఇంతవరకు వచ్చితివి, ఇంక రావలదు” అని చెప్పుచున్నదని అర్థము. వెనుకకు తగ్గినచో అదియు తగ్గును.

కొన్ని జాతులు ఈ సమయమున ధ్వని కూడ చేయును. అస్సాము సాలీడు ఒకటి తన నోటి భాగములను ఒకదానితో ఒకటి రాచుకొని శబ్దము చేయునని కలకత్తా ఇండియన్ మ్యూజియమునకు చెందిన వుడ్-మేసన్ 1877లో ప్రకటించెను. అమెరికా ఖండపు జాతులు అనేకము వెనుకకాళ్లతో ఉదరము మీది ముండ్ల వంటి రోమములను రాల్చి, శత్రువు కన్నులలో మంట పుట్టించును. మన దేశపు జాతులకు అట్టి రోమములు లేవు. దానికి బదులు వాని విషము తీవ్రతరమైనది. గుత్తి సాలీడు ప్రజాతి కరచినచో తీవ్రమైన నొప్పి, దినముల తరబడి కండరముల ఈడ్పులు కలుగవచ్చును. కరచిన యెడల మంత్రములను, కోతలను నమ్మక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

అయితే ఈ ప్రాణి మొదట కోరుకొనునది పారిపోవుటయే. చెట్టు సాలీళ్లు వెలుగు పడినంతనే తొర్రలోనికి దూరును. దారి లేనిచో బెరడునకు అంటుకొనినట్లు చదునై, కాళ్లను ముందునకు, వెనుకకు బారుగా చాచి కదలక ఉండును. అది నిద్ర కాదు, కనబడకుండుటకు చేయు ప్రయత్నము. కాళ్లను దగ్గరకు లాగి మోకాళ్లతో వీపును కప్పుకొనినచో, అది భయమునకు గుర్తు. ఇవి గాక మరణభంగిమ వేరు: అచట కాళ్ల కొనలు కడుపు క్రిందికి ముడుచుకొని పోవును; ఇచట మోకాళ్లు మాత్రము పైకి లేచి, పాదములు నేల మీదనే ఉండును. ఈ తేడాను గుర్తించుట ముఖ్యము.

మరికొన్ని వింతలు

నోటిని నీటిలో ముంచి, వెనుకభాగమును పైకెత్తి సాష్టాంగపడినట్లు కనబడినచో అది నీరు త్రాగుచున్నది. కాలి మునివ్రేళ్ల మీద దేహమును పైకెత్తి నిలిచినచో, లేక నేల సాలీడు నేలను వదలి గాజు గోడలను పట్టుకొని వ్రేలాడినచో, పెట్టెలోని మన్ను మిక్కిలి తడిగా ఉండుటయో, క్రొత్త చోటు నచ్చకుండుటయో కారణము కావచ్చును. కాళ్లను ఒకటొకటిగా నోటి గుండ తీయుచున్నచో శుభ్రము చేసికొనుచున్నది. మేతను నోట కరచుకొని, గుండ్రముగా తిరుగుచు ఉదరమును ఆడించినచో అది నృత్యము కాదు. భోజనమునకు ముందు నేల మీద దారము పరచుకొనుచున్నది.

యుక్తవయస్సు వచ్చిన మగ సాలీడు, ముఖ్యముగా వర్షర్తువులో, బొరియను వదలి ఆడదానిని వెదకుచు తిరుగును. మన ఇండ్లలోనికి దారి తప్పి వచ్చునవి చాలవరకు ఇట్టి మగవే. ఆడదాని బొరియ ముందు నిలిచి కాళ్లతో నేలను తట్టును, దేహమును వణికించును. ఈ వణకును రోగమనుకొనరాదు. అది తాను మేత కాదని తెలియజేయు సంకేతము. ఆడది సమ్మతించినచో తిరిగి తట్టును. తరువాత అనేక జాతులలో మగది తన ముందరి కాళ్ల మీది కొక్కెములతో ఆడదాని కోరలను పైకెత్తి పట్టును. చూచువారికి పోరాటమువలె కనిపించును గాని, అది సంయోగము. ఆ మగది ఆ పిమ్మట ఎక్కువ కాలము జీవింపదు. కొన్ని జాతుల ఆడవి మాత్రము ఇరువది సంవత్సరములకు పైగా జీవించును. ఒక చెప్పు దెబ్బతో మనము ముగించునది ఒక్కొక్కప్పుడు మన విద్యార్థుల వయస్సు గల ప్రాణము!

ఇంక ఒకే ఒక వణకు నిజముగా భయపడదగినది. కాళ్లు ఒకదానితో ఒకటి పొందిక లేక ఎగిరిపడుచు, దేహము అదరుచు, నడక దారి తప్పినచో నాడులు దెబ్బతినినవని అర్థము. కొన్ని సందర్భములలో కారణము తేలకున్నను, నాడుల మీద పనిచేయు పురుగుమందులు ఇట్టి లక్షణములను కలిగించును. మందు చల్లిన చేలలోని మిడతలను మేతగా వేయుటయు, మందు అంటిన చేతులతో పెట్టెను ముట్టుటయు ప్రమాదకరము. వేరుశనగ, వరి, పత్తి చేల నడుమ జీవించు మనము ఈ విషయమును ప్రత్యేకముగా గమనింపవలెను.

పరిశీలకునికి సూచనలు

1. వెల్లకిల పడిన సాలీడును ముట్టవద్దు. ఒక పగలు, ఒక రాత్రి వేచి చూడుడు. క్రింద దారపు పరుపు ఉన్నదేమో గమనింపుడు.

2. కాళ్లు కడుపు క్రిందికి ముడుచుకొనినచో దగ్గర నీరు ఉంచుడు.

3. ముందరి కాళ్లు ఎత్తినచో ఒక అడుగు వెనుకకు వేయుడు. కర్రతో పొడువవద్దు.

4. ఇంటిలోనికి వచ్చినచో పెద్ద డబ్బాను దాని మీద బోర్లించి, క్రింద గట్టి అట్టను జరిపి, ఊరి వెలుపల రాళ్ల గుట్ట వద్ద విడువుడు. చేతితో పట్టవద్దు.

5. రాత్రి చూడవలెనన్నచో టార్చి లైటునకు ఎర్ర కాగితము కట్టుడు. ఎర్రని వెలుగు దానిని అంతగా బెదరింపదు.

6. చూచినది వెంటనే వ్రాయుడు: తేది, వేళ, వాన పడినదా లేదా, భంగిమ, ఎంతసేపు. ఊహించిన కారణమును వేరుగా వ్రాయుడు. చూచినదానిని, అనుకొనినదానిని కలుపరాదు.

ఉపసంహారము

ఈ భంగిమలలో ఒకటియైనను కోపము, దుఃఖము, సంతోషము అను మన మాటలలో చెప్పదగినది కాదు. ఒకటి ద్రవపు ఒత్తిడి, ఒకటి పెరుగుదల, ఒకటి దాహము, ఒకటి ప్రాణరక్షణ. కారణము తెలిసినచో భయము తగ్గును. భయము తగ్గినచో చేతిలోని చెప్పు క్రిందికి దిగును. విజ్ఞానశాస్త్రము మనకు చేయు మేలు ఇదియే.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. జంతుశాస్త్ర ప్రయోగశాలలో నమూనాల కొరకు ప్రాణులను చంపి సీసాలలో ఉంచుట పాత అలవాటు. సాలీడు విడిచిన కుబుసములో కోరలు, కన్నుల గుర్తులు, కాళ్ల కీళ్లు, ఊపిరితిత్తుల పొర అన్నియు చెక్కుచెదరక ఉండును. దానిని తడిపి, మెత్తబరచి, కాళ్లు సర్ది ఆరబెట్టినచో విద్యార్థికి కావలసినదంతయు అందులో కలదు. ఒక ప్రాణము పోకుండ ఒక పాఠము దొరకును. రెండు మూడు భూతద్దములు, ఒక పరిశీలన పుస్తకము, కుబుసములను భద్రపరచుటకు కొన్ని గాజు పెట్టెలు సమకూర్చిన యెడల మన విద్యార్థులు తొలకరి వానలకు ఊరి బావుల ఒడ్డునను, రాళ్ల గుట్టలలోను తామే చూచి నేర్చుకొందురు.

నా ఆనాటి సీసాలోని సాలీడు మరల లేచి రాదు. కాని రేపు మీలో ఒకరు వెల్లకిల పడిన సాలీడును చూచి, చేయి వెనుకకు తీసికొని, మరునాటి ఉదయము వరకు వేచియున్న యెడల, ఆ ఉదయము రెండు సాలీళ్లు ఉన్నట్లు మీ కంటికి కనిపించును: ఒకటి ఖాళీ కవచము, రెండవది దాని ప్రక్కన క్రొత్త కాళ్లను మెల్లగా చాచుకొనుచున్న ప్రాణము. ఆ దృశ్యము మీకు లభించుగాక!